నవలా నాయికకు రూపం: వాణిశ్రీ పాత్రలు, వాటి వెనుక ఉన్న పుస్తకాలు

సారాంశం

1971–1976 మధ్యకాలంలో వాణిశ్రీ పోషించిన ప్రధాన పాత్రల్లో కనీసం ఐదింటికి తెలుగు రచయిత్రుల నవలలు, ఒకదానికి కన్నడ రచయిత్రి నవల ఆధారం. సాహిత్య చరిత్ర ఈ నవలలను పుస్తకాలుగా మాత్రమే చూసింది. సినిమా చరిత్ర ఆ చిత్రాలను కథానాయకుల, నిర్మాతల విజయాలుగా చూసింది. నవలకూ చిత్రానికీ నడుమ నిలిచిన ‘పాత్ర’ రెండు చరిత్రల్లోనూ జారిపోయింది. ఆ పాత్రను మూలగ్రంథానికి ఒక వ్యాఖ్యానంగా చదవవచ్చునని, ఆ వ్యాఖ్యానంలో నెల్లూరు తీరానికి చెందిన ఇద్దరి పాలు గణనీయమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వాణిశ్రీ, ఆత్రేయ, నెల్లూరు, యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి, త్రివేణి, ధారావాహిక నవల, నవలా చిత్రం

ప్రవేశిక

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవల 1960ల మధ్యకాలంలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వెలువడింది. అదే పేరుతో చలనచిత్రం 1976లో వచ్చింది. నడుమ దాదాపు పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లూ జయంతి అనే యువతి పాఠకురాలి ఊహలో, పత్రికలో చిత్రకారుడు గీసిన రేఖల్లో బతికింది. ఒక్కొక్క పాఠకురాలికి ఒక్కొక్క జయంతి. 1976 తర్వాత ఆ స్వేచ్ఛ చాలావరకు తగ్గిపోయింది. నవలను మొదటిసారి చేతికి తీసుకున్న పాఠకురాలికి సైతం జయంతి అనగానే వాణిశ్రీ ముఖమే ముందుగా కనిపించే స్థితి ఏర్పడింది. పుస్తకం ముందు పుట్టి సినిమా తర్వాత వచ్చినా, చదివే క్రమంలో సినిమాయే ముందు నిలిచింది.

ఈ స్థితిని సాహిత్య పరిశోధన ఎలా ఎదుర్కోవాలి? నవలా పరిశోధకులు సాధారణంగా ‘ఈ నవల సినిమాగా కూడా వచ్చింది’ అనే ఒక వాక్యంతో విషయాన్ని ముగిస్తారు. సినిమా చరిత్రకారులు ‘ఈ చిత్రానికి ఫలానా నవల ఆధారం’ అనే వాక్యంతో ముగిస్తారు. రెండు వాక్యాలూ సత్యాలే. కానీ ఆ రెండింటి మధ్య ఒక నటి ఒక నవలానాయికను ఎలా అర్థం చేసుకుని ప్రేక్షకులకు అందించింది అన్న ప్రశ్నకు చోటు దొరకలేదు. సంస్కృత, తెలుగు సాహిత్యాలకు వ్యాఖ్యాన సంప్రదాయం కొత్త కాదు. మల్లినాథుడు కాళిదాసు శ్లోకాన్ని మార్చలేదు. అయినా తరతరాల విద్యార్థులు కాళిదాసును మల్లినాథుని కళ్లతోనే చదివారు. ప్రజాదరణ పొందిన నవల విషయంలో అటువంటి వ్యాఖ్యాత స్థానం నటికి ఉంటుందన్నది ఈ పరిశీలనకు ప్రాతిపదిక. వ్యాఖ్యాత కొన్నిచోట్ల మూలానికి వెలుగునిస్తాడు, కొన్నిచోట్ల మూలాన్ని కమ్మేస్తాడు. వాణిశ్రీ పాత్రల్లో రెండూ జరిగాయి.

నెల్లూరు నుంచి మద్రాసుకు

వాణిశ్రీ అసలు పేరు రత్నకుమారి. 1948లో నెల్లూరులో జన్మించారు. 1964 నాటి కన్నడ చిత్రం ‘వీరసంకల్ప’తో చిత్రరంగంలో అడుగుపెట్టి, తెలుగులో కొన్నేళ్లు చిన్నా పెద్దా పాత్రలు, ముఖ్యంగా హాస్యజంటల్లో పాత్రలు ధరించారు. బి.ఎన్.రెడ్డి ‘రంగుల రాట్నం’ (1966), ‘మరపురాని కథ’ (1967), ‘సుఖదుఃఖాలు’ (1968) ఆమెను గంభీర పాత్రల వైపు నడిపించాయి. 1971లో ‘దసరాబుల్లోడు’, ‘ప్రేమనగర్’ ఒకే ఏడాది వచ్చి ఆమెను అగ్రస్థానంలో నిలిపాయి. మొదటిది పల్లెటూరి చిలిపి పిల్ల పాత్ర, రెండవది నవలలోంచి నడిచివచ్చిన ఉద్యోగిని. ఈ వ్యాసానికి సంబంధించినది రెండవ దారి.

నెల్లూరుకు మద్రాసు చేరువ. కలకత్తా–మద్రాసు రహదారి, రైలుమార్గం రెండూ ఈ జిల్లా తీరం వెంబడే సాగుతాయి. సూళ్లూరుపేట దాటితే పులికాట్ సరస్సు, ఆ తర్వాత తమిళదేశం. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసులో ఉన్న దశాబ్దాల్లో ఈ జిల్లా యువతీయువకులకు సినిమా దూరదేశపు విద్యగా తోచలేదు. జగదేవిపేటకు చెందిన రమణారెడ్డి మొదలుకొని ఎందరో ఆ దారినే వెళ్లారు.

ఆ దారిన వెళ్లిన మరొకరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు, అంటే ఆచార్య ఆత్రేయ. 1921లో సూళ్లూరుపేట సమీపంలోని మంగళంపాడులో పుట్టారు. నాటి నెల్లూరు జిల్లాలోని ఆ ప్రాంతం 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. సినిమాకు వెళ్లకముందు ఆత్రేయ నెల్లూరులో కోర్టు గుమాస్తాగా పనిచేశారు, ‘జమీన్ రైతు’ పత్రికలో సహాయ సంపాదకత్వం వహించారు, నాటకాలు రాశారు. చిరుద్యోగి సంసారాన్ని రంగస్థలం మీదికి తెచ్చిన ‘ఎన్.జి.ఓ.’ నాటకం ఆయనదే. నవలాధార చిత్రాల్లో ‘ప్రేమనగర్’, ‘జీవన తరంగాలు’, ‘సెక్రటరీ’ మూడింటికీ మాటలు ఆయనవే. నెలజీతం మీద ఆధారపడిన మగవాని అవమానాలను నాటకంగా మలచిన రచయితే, రెండు దశాబ్దాలకు పైగా గడిచాక, నెలజీతం మీద ఆధారపడిన ఆడదాని ఆత్మాభిమానానికి సంభాషణలు సమకూర్చవలసి వచ్చింది. ఆ సంభాషణలను పలికినది తన జిల్లా యువతి.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. మాటలు రాసినవారిదీ పలికినవారిదీ నెల్లూరే అయినా, ఈ పాత్రల్లో నెల్లూరు మాట ఎక్కడా వినిపించదు. ‘యాడ’, ‘ఎట్టా’, ‘ఉండాది’ వంటి రూపాలు లత నోట గాని జయంతి నోట గాని రావు. నవలానాయిక భాష వారపత్రికల భాష. చదువుకున్న మధ్యతరగతి ఇళ్లలో, ఏ జిల్లాకూ పూర్తిగా చెందకుండా, అన్ని జిల్లాలవారూ తమదిగా భావించిన శిష్టవ్యావహారికం. నెల్లూరు యాసకు ఆనాటి సినిమాలో చోటు దొరికితే అది రమణారెడ్డి వంటివారి హాస్యపాత్రల్లోనే. కథానాయిక గౌరవంగా నిలబడాలంటే తన ఊరి మాటను బయటే విడిచి రావలసిన పరిస్థితి అది. నవల పెట్టిన షరతునే సినిమా కూడా పాటించింది.

పేర్లు చెప్పే కథ

నవలలు సినిమాలైన క్రమంలో శీర్షికలకు ఏం జరిగిందో పరిశీలిస్తే ఒక స్పష్టమైన మార్పు కనిపిస్తుంది.

1950లలో సావిత్రి, భానుమతి తరం నటీమణుల నవలాధార పాత్రలు ఎక్కువగా వంగదేశం నుంచి వచ్చాయి. ‘దేవదాసు’ (1953), ‘తోడికోడళ్లు’ (1957), ‘బాటసారి’ (1961) శరత్‌చంద్రుని రచనలు. ‘మాంగల్యబలం’ (1959) వెనుక ఆశాపూర్ణాదేవి రచన ఆధారంగా వచ్చిన వంగ చిత్రం ఉంది. తెలుగు రచయిత్రుల నవలలు చిత్రసీమ ప్రవేశం చేసినది 1960లలో. డాక్టర్ పి.శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’గా మారింది. ఆంధ్రప్రభ వారపత్రిక పోటీలో బహుమతి పొందిన కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. ఈ రెండు సందర్భాల్లోనూ పుస్తకం పేరు నిలవలేదు. ‘కాలాతీత వ్యక్తులు’ విషయంలో పేరుతోపాటు ఇందిర కూడా నిలవలేదు. నవలకు ప్రాణమైన ఆ పాత్రలోని మొండి స్వార్థం, నిర్భయత్వం తెరమీదికి రాకుండానే ఆవిరైపోయాయి. ‘చక్రభ్రమణం’ అనే పేరు జీవితపు తిరుగుడును సూచిస్తే, ‘డాక్టర్ చక్రవర్తి’ అనే పేరు కథానాయకుని వైద్యవృత్తితో సహా గుమ్మం మీద వేలాడదీసింది.

1971 నుంచి పరిస్థితి మారింది. కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’ అదే పేరుతో వచ్చింది. యద్దనపూడి ‘జీవన తరంగాలు’ 1973లో, కౌసల్యాదేవి ‘చక్రవాకం’ 1974లో, యద్దనపూడి ‘సెక్రటరీ’ 1976లో తమ పేర్లను మార్చుకోకుండా తెరకెక్కాయి. నాలుగింటికీ నిర్మాత డి.రామానాయుడు, నాయిక వాణిశ్రీ. నిర్మాత పుస్తకం పేరును నిలుపుకొన్నాడంటే పుస్తకానికి ఒక విపణి విలువ ఏర్పడిందని అర్థం. వారపత్రికను వారం వారం ఎదురుచూసి చదివిన స్త్రీ, అద్దె పుస్తకాల దుకాణంలో రోజుకింత చెల్లించి నవల తెచ్చుకున్న స్త్రీ, ఇప్పుడు టికెట్టు కొనే ప్రేక్షకురాలిగా లెక్కలోకి వచ్చింది. చక్రవాకం వంటి కావ్యసమయ సంబంధమైన పదం వాణిజ్యచిత్రానికి పేరుగా నిలవడం ఆ పాఠకురాలి బలానికి నిదర్శనం. రచయిత్రుల నవలలను ‘కాలక్షేపం’ అని కొట్టివేసిన విమర్శకులు ఈ చిన్న లెక్కను పట్టించుకోలేదు.

మినహాయింపు ఒకటుంది. యద్దనపూడి ‘విజేత’ 1972లో అన్నపూర్ణావారి ‘విచిత్రబంధం’ అయింది. ‘విజేత’ అన్నది వ్యక్తిని సూచించే పేరు. ఆ గెలిచినది ఎవరు అని పాఠకుడు చివరిదాకా ప్రశ్నించుకోగలడు. ‘విచిత్రబంధం’ అన్న పేరు ఆ ప్రశ్నను మొదటే తీసివేసి, ఇద్దరి మధ్య ముడిని మాత్రమే మిగిల్చింది. గెలుపోటముల కథ బంధపు కథగా మారినప్పుడు నష్టం ఎక్కువగా నాయికకే కలిగిందని చెప్పడానికి సందేహించనక్కరలేదు. రెండేళ్లకు అదే సంస్థ యద్దనపూడి ‘ఆరాధన’ను ‘బంగారు కలలు’గా తీసింది. అందులో వహీదా రెహమాన్ నటించారు. ‘ఆరాధన’ పేరుతో 1962లోనే వేరొక తెలుగు చిత్రం వచ్చి ఉన్నందున ఆ మార్పుకు వేరే కారణం ఉండవచ్చు.

జీతం తీసుకునే నాయిక

‘ప్రేమనగర్’లో లత మొదట విమానంలో పరిచారిక, తర్వాత జమీందారీ వంశీకుడైన కల్యాణ్ దగ్గర సెక్రటరీ. ‘సెక్రటరీ’లో జయంతి వృత్తి ఏమిటో శీర్షికే చెబుతుంది. ఇద్దరూ ధనికుడైన యజమాని వద్ద జీతానికి పనిచేసే స్త్రీలు, ఇద్దరికీ ఆ యజమానితోనే ప్రేమ. ఈ కథనరూపాన్ని పలాయనవాదమని, కలల బేరమని విమర్శించడం సులభం. ధనవంతుడైన అందగాడు, విలాసవంతమైన కారు, పెద్ద భవనం అన్నీ అందులో ఉన్న మాట నిజమే. కానీ ఆ భవనంలోకి నాయిక కోడలిగా కాకుండా ఉద్యోగినిగా ప్రవేశించడం గమనించదగినది. ఆమె ఆ గడప దాటడానికి కారణం పెళ్లిచూపులు కావు, నియామకం. ఆమె రాజీనామా ఇవ్వగలదు. తెలుగు కుటుంబకథలో కోడలికి లేని సౌకర్యం అది.

ఈ సందర్భంలో నెల్లూరుకే చెందిన మరొక గ్రంథం గుర్తుకు వస్తుంది. పదమూడవ శతాబ్దిలో మనుమసిద్ధి కాలాన పెన్న ఒడ్డున తిక్కన విరాటపర్వంతో భారతరచన ప్రారంభించాడు. అందులో ద్రౌపది సైరంధ్రిగా సుధేష్ణ అంతఃపురంలో పనికి కుదురుతుంది. తన షరతులు తాను చెప్పి మరీ కుదురుతుంది. పరాయి ఇంట కొలువు చేస్తూ గౌరవం కాపాడుకోవడమే ఆ పర్వంలో ఆమె పోరాటం. 1963లో ‘నర్తనశాల’లో సావిత్రి ఆ సైరంధ్రిని తెరమీద నిలిపింది. వారపత్రిక నవలకు తిక్కన నుంచి వారసత్వం కట్టబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే కొలువులో ఉన్న స్త్రీ అభిమానం అనే వస్తువు తెలుగు పాఠకులకు 1960లలో పాశ్చాత్య ప్రణయనవలల ద్వారానే అందిందన్న వాదం ఈ పోలిక ముందు కొంత బలహీనపడుతుంది.

‘ప్రేమనగర్’ కథకు మలుపు దొంగతనం నింద. కల్యాణ్ కుటుంబీకులు లతపై ఆ నింద మోపుతారు, కల్యాణ్ ఆమెను అనుమానిస్తాడు. నిజం తెలిశాక అతడు పశ్చాత్తాపపడినా ఆమె వెంటనే కరిగిపోదు. చిత్రం ఉత్తరార్ధంలో కథాభారం కథానాయకుని బాధ వైపు, తాగుడు వైపు, పాటల వైపు ఒరిగిపోతుంది. అక్కినేని నాగేశ్వరరావు స్థాయి నటుడు ఉన్నప్పుడు అది అనివార్యం. తెర మీద సమయం నాయికకు తగ్గుతుంది. అయినా ప్రేక్షకుని మనసులో లత తగ్గదు. దానికి కారణం వాణిశ్రీ ఆ నిరాకరణను పోషించిన తీరు. కోపంగా కాదు, కన్నీటితో కాదు. తల నిటారుగా నిలిపి, కనురెప్పలు కొద్దిగా వాల్చి, మాట తక్కువగా. నవలలో పేరాల కొద్దీ సాగే అంతర్మథనానికి ఆమె వెతుక్కున్న సమానార్థకం ఈ నిలుచునే తీరు. ఇదే పాత్రను ఆమె 1972లో తమిళంలో ‘వసంత మాళిగై’లో శివాజీ గణేశన్ సరసన మళ్లీ పోషించారు. దర్శకుడు అక్కడా కె.ఎస్.ప్రకాశరావే. 1974లో ఆయనే తీసిన హిందీ ‘ప్రేమ్‌నగర్’లో హేమమాలిని నాయిక. ఒక తెలుగు రచయిత్రి పుస్తకం మూడేళ్లలో మూడు భాషల తెరల మీదికి వెళ్లింది. తెలుగు నవల పరభాషలపై చూపిన ప్రభావాన్ని అనువాదాల పట్టికలతో మాత్రమే కొలిచే పద్ధతికి ఈ ఉదాహరణ అందదు.

చుక్కల వరుసలు, కొప్పు, చీర

ఆనాటి ధారావాహిక నవలల పుటల్లో విరివిగా కనిపించే గుర్తు చుక్కల వరుస. నాయిక ఏదో అనబోయి ఆగుతుంది, అక్కడ చుక్కలు. ఆమె ఆలోచన తెగుతుంది, మళ్లీ చుక్కలు. అవి అచ్చు అలంకారాలు మాత్రమే కావు. పైకి అనకూడని మాటకు పుటలో కేటాయించిన స్థలం అది. పాఠకురాలు ఆ ఖాళీని తన మాటతో పూరించుకునేది.

తెరమీద చుక్కలు లేవు. ఆ ఖాళీని సంభాషణా రచయిత పూరించాలి, లేదా నటి పూరించాలి. ఆత్రేయ పద్ధతి వేరు. చిన్న వాక్యం, ఎదురుబొదురుగా నిలిపిన రెండు భావాలు, చివర ఒక విరుపు. రంగస్థలం నేర్పిన విద్య అది. అందువల్ల నవలలో తడబడుతూ, తనతో తాను వాదించుకుంటూ సాగే నాయిక, సినిమాలో తేల్చి చెప్పే నాయికగా మారింది. దీన్ని లాభమనాలా నష్టమనాలా? ఆమె మాటకు పదును వచ్చింది. కానీ ఆ పదును అందరు పాత్రలకూ సమానంగా పంచబడినది. నాయకుడూ అలాగే మాట్లాడతాడు. నవలలో ఆమెది మాత్రమే అయిన ఆలోచనా సరళి సినిమాలో ఆత్రేయ శైలిలో కలిసిపోయింది. ఈ నష్టాన్ని కొంతవరకు పూడ్చినవి వాణిశ్రీ మౌనాలు. ఆమె పాత్రలను సంభాషణ లేని చోట పరిశీలిస్తే నవలకు ఎక్కువ దగ్గరగా కనిపిస్తాయి.

వేషధారణ విషయంలో మాత్రం నవల నుంచి తెరకు దారి నేరుగా పడింది. యద్దనపూడి, కౌసల్యాదేవి నవలల్లో నాయిక కట్టు, జడ, చీర రంగు శ్రద్ధగా వర్ణించబడతాయి. విమర్శకులు ఈ వర్ణనలను దాటవేస్తారు, పాఠకులు దాటవేయలేదు. ఎత్తైన కొప్పు, తీర్చిన కనులు, నిండుగా కట్టిన చీరతో వాణిశ్రీ ఆ వర్ణనలకు కంటికి కనబడే రూపమిచ్చారు. ఆమె కొప్పునూ చీరకట్టునూ ఆనాటి స్త్రీలు అనుకరించారన్నది సర్వవిదితం. ఆ అనుకరణకు మూలం ఒక్క సినిమాయేనా అన్నది ప్రశ్న. ఉద్యోగానికో కళాశాలకో వెళ్లే స్త్రీ ఎలా కనిపించాలన్న ఆలోచన అంతకు పదేళ్ల ముందు నుంచే వారపత్రికల పుటల్లో రూపు దిద్దుకుంటూ వచ్చింది. నటి దానికి కొలతలు సరిచూసి ఇచ్చింది.

రెండు కృష్ణవేణులు

గ్రంథసూచికలు తయారుచేసే విద్యార్థులు పొరబడే అవకాశమున్న చోటు ఒకటుంది. ముప్పాళ రంగనాయకమ్మ తొలిదశలో రాసిన ‘కృష్ణవేణి’ నవల ప్రసిద్ధం. వాణిశ్రీ నటించిన ‘కృష్ణవేణి’ చిత్రం 1974లో వచ్చింది. రంగనాయకమ్మ ‘బలిపీఠం’ మరుసటి ఏడాదే శోభన్‌బాబు, శారద నటించగా చిత్రంగా వచ్చింది కనుక, ‘కృష్ణవేణి’ని కూడా ఆమె నవలగా భావించడం తేలిక. కానీ ఆ రెంటికీ పేరులో తప్ప సంబంధం లేదు.

వాణిశ్రీ ‘కృష్ణవేణి’ వెనుక ఉన్న పుస్తకం కన్నడ రచయిత్రి త్రివేణి రాసిన ‘శరపంజర’. త్రివేణి అసలు పేరు అనసూయా శంకర్. మనస్తత్వ శాస్త్రాన్ని కన్నడ నవలలోకి గాఢంగా తెచ్చిన రచయిత్రి. 1963లో చిన్నవయసులోనే మరణించారు. ఆ నవలను పుట్టణ్ణ కణగాల్ 1971లో చిత్రంగా తీశారు, కల్పన కావేరి పాత్ర ధరించారు. దాన్నే కృష్ణంరాజు తన గోపీకృష్ణా మూవీస్ పక్షాన వి.మధుసూదనరావు దర్శకత్వంలో తెలుగులో నిర్మించారు. కావేరి కృష్ణవేణి అయింది. కన్నడ దేశపు నది పేరును తెలుగుదేశపు నది పేరుగా మార్చడంలో చూపిన ఔచిత్యం ముచ్చటైనది. నదులే మారాయి, ప్రవాహం మారలేదు.

కథా వస్తువు ప్రసవానంతర మానసిక వ్యాధి. ఒక గృహిణి జబ్బు పడుతుంది, చికిత్స పొందుతుంది, కోలుకుని ఇంటికి తిరిగి వస్తుంది. ఇల్లు ఆమెను కోలుకున్న మనిషిగా చూడదు. ప్రతి మాటలోనూ పిచ్చిని వెతుకుతుంది. త్రివేణి చూపిన క్రూరత్వం వ్యాధిది కాదు, ఆరోగ్యవంతులది. లత, జయంతి పాత్రలకు పక్కన కృష్ణవేణిని నిలిపినప్పుడు తేడా స్పష్టమవుతుంది. వారికి రాజీనామా అవకాశం ఉంది. కృష్ణవేణికి లేదు. ఆమె ఉన్నది ఉద్యోగంలో కాదు, సంసారంలో. వాణిశ్రీ అభినయం ఇక్కడ తన అలవాటైన నిటారుతనాన్ని క్రమంగా వదులుకుంటుంది. తల నిలిపిన తీరే ఆమె పాత్రలకు సంతకమైన కాలంలో ఆ సంతకాన్ని చెరిపివేయడానికి సిద్ధపడటం సాహసం. నవలాధార పాత్రలన్నిటిలో అన్నింటికన్నా కఠినమైనది, మూలరచయిత్రి ఉద్దేశానికి అన్నింటికన్నా చేరువైనది ఇదేనని చెప్పవచ్చు. తెలుగు వారపత్రిక నవల ఆమెకు అటువంటి పాత్రను ఇవ్వలేకపోయింది. కోడూరి, యద్దనపూడిల పట్ల ఎంత గౌరవమున్నా ఈ మాట అనక తప్పదు.

తెలుగు నవలా విమర్శ ‘శరపంజర’ను దాదాపుగా పట్టించుకోలేదు. అది కన్నడ నవల కాబట్టి తెలుగు శాఖకు చెందదు, సినిమా కాబట్టి సాహిత్యానికి చెందదు. కానీ 1974లో తెలుగు ప్రేక్షకురాలు ప్రసవానంతర మానసిక వ్యాధిని గురించి విన్న కథల్లో ఇది ముఖ్యమైనది. తులనాత్మక అధ్యయనానికి ఇంత సిద్ధంగా ఉన్న వస్తువు అరుదు.

కావ్యం నుంచి ఒక పాత్ర

నవల కాక ప్రాచీన కావ్యం నేపథ్యంగా ఉన్న పాత్ర ‘భక్త కన్నప్ప’ (1976)లోని నీల. తిన్నని కథకు తెలుగులో ప్రసిద్ధమైన ఆకరం ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము’. శ్రీకాళహస్తిని ఆనుకుని పారే స్వర్ణముఖి దిగువన నాటి నెల్లూరు జిల్లా నేల మీదుగానే సముద్రంలో కలుస్తుంది. అంటే ఇదీ ఆ తీరపు కథే. ధూర్జటిలో ఆ కథ తిన్ననికీ లింగానికీ మధ్య నడుస్తుంది. నాయికకు అక్కడ పని లేదు. నీల రంగస్థల, చలనచిత్ర సంప్రదాయంలో పెరిగిన పాత్ర. రాజ్‌కుమార్ నటించిన 1954 నాటి ‘కాళహస్తి మహాత్మ్యం’లోనూ ఆమె ఉంది. కనుక ఈ పాత్ర విషయంలో నటికి వ్యాఖ్యానించడానికి మూలమే లేదు. దర్శకుడు బాపు. వారపత్రికల్లో నవలానాయికల బొమ్మలు గీసిన చేయి, ఎమెస్కో పాకెట్ పుస్తకాలకు అట్టలు వేసిన చేయి, ఇప్పుడు వాణిశ్రీని తెర మీద నిలిపింది. అచ్చు పుటలోని స్త్రీరూపానికీ తెరమీది స్త్రీరూపానికీ నడుమ రాకపోకలు ఒకవైపే సాగలేదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పుస్తకాల తర్వాతి జీవితం

వివాహానంతరం 1970ల చివర వాణిశ్రీ తెరకు దూరమయ్యారు. యద్దనపూడి నవలలు ‘రాధాకృష్ణ’ (1978), ‘అగ్నిపూలు’ (1981) వంటివి జయప్రద, జయసుధ తరానికి చేరాయి. 1989లో ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’తో ఆమె తిరిగి వచ్చినప్పుడు ఆ పాత్ర వెనుక ఏ నవలా లేదు. కొప్పు మాత్రం ఉంది. నిటారుగా నిలిచిన తల కూడా ఉంది. ఒకనాడు యజమాని ముందు ఆత్మగౌరవానికి గుర్తుగా నిలిచిన భంగిమ, ఇప్పుడు అల్లుడు అణచవలసిన అహంకారానికి గుర్తు అయింది. పదిహేనేళ్లలో అదే శరీరభాషకు అర్థం తలకిందులైంది. ప్రేక్షకులు రెండుసార్లూ చప్పట్లు కొట్టారు.

ఇక పుస్తకాల విషయం. ధారావాహికలను పత్రిక నుంచి వేరుచేసి, వరుసగా పేర్చి, దారంతో కుట్టి దాచుకోవడం ఆనాటి ఇళ్లలో సాధారణం. ఒక్కొక్క సంపుటిలో నవల పుటల వెనుక వైపున వేరే శీర్షికలు, ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు మిగిలి ఉండేవి. ఆ పాఠం, ఆ బొమ్మలు, ఆ ప్రకటనలు కలిసి ఉన్నదే ఈ నవలల తొలి రూపం. సినిమా రాకముందు నాయిక ఎలా ఊహించబడిందో తెలియాలంటే ఆ రూపమే ఆధారం. విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ఈ నవలలపై జరిగే పరిశోధన ఎక్కువగా తర్వాతి ముద్రణల మీద ఆధారపడుతుంది. పుస్తకం ముద్రణ సంవత్సరాన్ని రచనాకాలంగా తీసుకోవడం వల్ల ‘సెక్రటరీ’ వంటి నవల పదేళ్లు, కొన్నిసార్లు ఇరవయ్యేళ్లు ముందుకు జరిగిపోతుంది. అప్పుడు 1960ల నాయిక 1970ల సినిమాను చూసి పుట్టినట్లు కనిపిస్తుంది. జయంతి వాణిశ్రీని అనుకరించినట్లు అవుతుంది.

శాఖాగ్రంథాలయాల్లో పాత వారపత్రికల సంపుటాలు చిరిగినవిగా లెక్కకట్టి తీసివేయబడుతున్నాయి. ఇళ్లలో కుట్టుకున్న సంపుటాలు వాటిని కుట్టుకున్న తరంతోపాటు వెళ్లిపోతున్నాయి. ‘ప్రేమనగర్’ చలనచిత్రం ప్రతి ఎప్పుడైనా చూడవచ్చు. ఆ చిత్రం రాకముందు, లతకు ఇంకా ఏ నటి ముఖమూ లేనప్పుడు, ఆమెను చదివిన పాఠకుల చేతుల్లోని ఆ కాగితాలు మాత్రం ఇప్పుడు వెతికితే కొన్నైనా దొరకవచ్చు.